పంకా ఆపే చెయ్యి

మొన్న మా స్కూలు వాట్సాప్ గ్రూపులో లెక్కల సారు ఒక వీడియో పెట్టి, కింద నా పేరు రాసి నాలుగు నవ్వు బొమ్మలు అంటించాడు. ‘ఇంటి పెరట్లోనే కమ్మరం: కొత్తవాళ్ళకు అయిదు తేలిక పనులు’ అని దాని పేరు. గడ్డం పెంచిన ఒక తెల్లాయన తోలు గుడ్డ కట్టుకుని, గ్యాసు పొయ్యిలో ఇనుప చువ్వ పెట్టి, కాలగానే తీసి, నాలుగు దెబ్బల్లో కొక్కెం చేసేశాడు. తరవాత మేకు, తరవాత సీసా మూత తీసేది, తరవాత ఇంకేవో రెండు. పది నిమిషాల్లో అయిదు వస్తువులు. చివరిదాకా చూసి, ఫోను పక్కన పడేసి, ఎందుకో కోపంగా కూర్చున్నాను. కాసేపటికి ఆ కోపం ఎందుకో తెలిసింది. ఆయన గాలి కొట్టలేదు. ఆ పొయ్యిలోకి గాలి తనంతట తనే వస్తోంది.

నాకు కమ్మరం నేర్పిన మనిషి పోయిన మాఘంలో చనిపోయాడు. ఆయన దగ్గర నేను మొదటి నెలంతా చేసింది గాలి కొట్టడమే.

నేను అమరచింత పక్కన ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఇల్లు వనపర్తిలో. పద్దెనిమిదేళ్ళుగా లోహాల పాఠం చెబుతున్నాను గానీ, కాలిన ఇనుము వాసన ఎలా ఉంటుందో తెలియకుండానే నలభై నాలుగేళ్ళు వచ్చాయి. స్కూలు గేటు గొళ్ళెం విరిగితే, అటెండరు సెలవులో ఉండడంతో, దాన్ని పట్టుకుని ఊరి చివర కొలిమికి నేనే వెళ్ళాను. ఆయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని, గోటితో ఒకసారి మీటి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. “లోపల కూడ పగిలింది. అతకది. కొత్తది చెయ్యాలె” అన్నాడు. చేశాడు కూడా. ఆ అరగంట నేను కదలకుండా నిలబడి, పోయేముందు నోరు జారాను.

“నాకు నేర్పుతవా తాతా?”

“నేర్సుకొని ఏం జేస్తవు టీచరమ్మా?”

“ఏం జెయ్య. ఊరికె.”

“ఊరికె అయితె రా. పనికొస్తదని ఒచ్చినోళ్ళందరు పోయిన్రు.”

ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ ఆయన తాతే. ఆదివారం పొద్దున మొదటి బస్సుకు నేను కొలిమి దగ్గర దిగితే, మా ఆయన వనపర్తిలో దోసెలు పోసుకుంటూ ఫోనులో నవ్వేవాడు. నవ్వుకోనీ అనుకున్నాను.

మనిషి సన్నం. నడుము దాకా ముసలివాడు, భుజాలు మాత్రం ముసలివి కావు. కళ్ళద్దాలు దారంతో కట్టి ఎప్పుడూ నుదుటి మీదే పెట్టుకునేవాడు. అవి కిందికి దిగగా నేను ఒక్కనాడూ చూడలేదు. “కండ్లద్దాలు నెత్తికెందుకు తాతా?” అని ఎవరైనా ఎగతాళి చేస్తే, “నెత్తికి జర కనవడ్తలేదు” అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, నేను కూడా.

చాయ్ వేడిగా తాగడం ఆయనకు పట్టదు, చల్లారితే అసలే పట్టదు. గ్లాసు పక్కన పెట్టి పనిలో పడేవాడు. గంట తరవాత గుర్తొచ్చి, కాలుతున్న మేకు ఒకటి పటకారుతో పట్టి ఆ చాయ్‌లో ముంచేవాడు. చుయ్యిమని పొగ. “ఇనుము చాయ. రక్తం పడ్తది” అని రెండు గుక్కల్లో తాగేసేవాడు. అలా రక్తం పట్టదని నేను రసాయనశాస్త్రం ఎత్తుకుంటే ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి, “కడుక్కరాపో” అనేవాడు. నేను చిన్నపిల్లలా పోయి కడుక్కొచ్చేదాన్ని. స్కూల్లో ఎవరైనా చూస్తే నా పరువేం కావాలి!

దాగలి అంటే ఆయన సుత్తి కింద ఉండే ఇనుప దిమ్మె. దాని మీద ఇనుము లేకుండా ఉత్త దెబ్బ పడితే ఒప్పుకునేవాడు కాదు. ఒకసారి మాటల్లో ఉండి నేను టంగుమని కొట్టాను. “అదేం పాపం జేసింది నీకు?” అని, నన్ను లేపి, దాని మీద నీళ్ళు చల్లించి, దానికి చెయ్యి తాకించి కళ్ళకద్దుకోమన్నాడు. అద్దుకున్నాను. మసి కళ్ళలో పడి సాయంత్రం దాకా మండింది.

ఇక పంకా. పాత తోలుతిత్తి ఎప్పుడో చినిగిపోతే, చేత్తో తిప్పే ఇనుప పంకా బిగించుకున్నాడు. దాని ముందు ఒక పొట్టి చెక్కపలక ఉంది. ఆ పలక మీద ఆయన భార్య కూర్చునేదట. ఆమె పోయి అప్పటికి ఏడాది. ఆ ఏడాదంతా కొలిమి సగమే నడిచిందని, రోట్లో పచ్చడిబండలా ఆయన ఒక్కడే లోపల తిరుగుతుండేవాడని ఊళ్ళో అన్నారు. మొదటిరోజే నన్ను ఆ పలక మీద కూర్చోబెట్టాడు. నాలుగు ఆదివారాలు సుత్తి ముట్టనివ్వలేదు. నేను వచ్చింది ఇనుము కొట్టడానికా, గాలి కొట్టడానికా అని లోపల గొణుక్కుంటూ తిప్పాను.

ఆ తిప్పుడులో ఆయన అడిగే ప్రశ్న ఒకటే. “ఏం రంగున్నది?”

“ఎర్రగుంది తాతా.”

“ఎర్రగంటె? మిరపకాయనా, మోదుగుపువ్వా?”

కాలే ఇనుముకు ఆయన లెక్కలో నాలుగు రంగులు. ఎండుమిరపకాయ రంగులో ఉంటే కొట్టకూడదు, పగులుతుంది. మోదుగుపువ్వు రంగుకు వస్తే వంచుకోవచ్చు. పసుపుకొమ్ము రంగుకు వస్తే ఎటు సాగదీస్తే అటు సాగుతుంది. సున్నం తెలుపుకు పోయిందా, అది కాలిపోయినట్టే. నేను ఒకసారి తెలివి చూపిద్దామని, “దీన్ని వెయ్యి డిగ్రీలంటరు తాతా” అన్నాను. “డిగ్రీలు బడిల పెట్టి రాపో” అన్నాడు. ఇంకో మాట కూడా మొదట్లోనే చెప్పాడు. “మంది కూసున్నప్పుడు నోటితోని రంగు చెప్పకు. పసుపుకొమ్ము రాంగనె పంక ఆపు, నేను తీస్త.” గిరాకీల ముందు మాట్లాడకపోవడం కొలిమి మర్యాద కాబోలు అనుకుని బుద్ధిగా పాటించాను.

అయిదో ఆదివారం చేతికి సుత్తి వచ్చింది. మొదటి పని మేకు. చువ్వ కొస కాల్చి, నాలుగు పక్కలా కొట్టి, మొన తేల్చాలి. నేను చేసిన మొదటి మేకును ఆయన వేళ్ళతో తడిమి, “ఇది ఎవని కాల్ల దిగినా వాడు నవ్వుతడు” అని పక్కన పడేశాడు. తరవాత కొక్కెం. వీడియోలో తెల్లాయన నాలుగు దెబ్బల్లో చేసినదే. నాకు ఆరు ఆదివారాలు పట్టింది. వంపు దగ్గర సన్నబడి తెగేది, లేకపోతే అటు తిరగాల్సింది ఇటు తిరిగేది. చివరకు ఒకటి కుదిరింది. దాన్ని వంటింట్లో గోడకు కొట్టి, గంటెలన్నీ ఒకే కొక్కేనికి వేలాడదీశాను. దోసెలాయన ఆ రోజు నవ్వలేదు.

ఇంతలో మిరుగు దగ్గరపడింది. మిరుగంటే తొలి వానలు, విత్తనాల రోజులు. కుర్మయ్య అనే రైతు గుంటుక పాస పట్టుకుని వచ్చాడు. చాళ్ళ మధ్య కలుపు కోసే ఇనుప బద్దను పాస అంటారు. అరిగిపోయిన దాన్ని కాల్చి సాగదీయాలి. రాత్రే తడి పడింది, కుర్మయ్య తొందరమీద ఉన్నాడు. ఆయనతో పాటు ఇంకో ఇద్దరు గోడవారగా కూర్చున్నారు. నేను పంకా దగ్గర ఉన్నాను.

అప్పుడే నా ఫోను మోగింది. మా హెడ్మాస్టరు. ఆదివారం పూట, ఏదో ఫారంలో మరుగుదొడ్ల లెక్క తప్పిందట. భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, “లేదు సార్, మూడే సార్” అంటూ తిప్పుతూనే ఉన్నాను. కుర్మయ్య కేకతో తల తిప్పాను. కొలిమిలోంచి కాకరపువ్వొత్తిలా తెల్లటి నిప్పురవ్వలు చిమ్ముతున్నాయి. పాస కాలిపోతోంది. నేను ఆయన వైపు చూశాను. ఆయన పటకారు పట్టుకుని, సూటిగా ఆ రవ్వల వైపే చూస్తున్నాడు. మొహంలో కంగారు లేదు. పంకా ఎప్పుడు ఆగుతుందా అని నిమ్మళంగా ఎదురుచూస్తున్నాడు.

నా చెయ్యి ఆగింది. అప్పుడు తీశాడు. బద్దలో బెత్తెడు లేదు.

“పాడుగాను! కొస పాయె గదనే తాతా!” అని కుర్మయ్య లేచాడు.

ఆయన వేలితో గాలిలోనే ఆ కొస ఎక్కడిదాకా ఉందో వేడిని బట్టి చూసుకున్నాడు. మొహం మారింది. నా వైపు తిరిగి గట్టిగా అరిచాడు. “ఏందమ్మా గిది! ఎన్నిసార్లు చెప్పిన నీకు! కొత్త చెయ్యి కుర్మయ్యా. నాకు బుద్ధి లేక కూసోవెట్టిన.”

“బడిల పాఠం చెప్పుకోక గీడికెందుకొచ్చినవమ్మా?” అన్నాడు కుర్మయ్య నాతో. గోడవార ఇద్దరూ నవ్వారు.

ఫోను నాదే, తప్పు నాదే. కానీ కళ్ళున్న కమ్మరి ఎవడైనా నాకంటే ముందే దాన్ని లాగేసేవాడు. అది నాకు ఆ క్షణాన తెలిసిపోయింది. నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి ఫోను కట్టేశాను. “నాదే తప్పు” అన్నాను. లారీ కమాను ముక్క తీసి మధ్యాహ్నానికల్లా కుర్మయ్యకు కొత్త పాస చేసిచ్చాడు. ఆ మూడు గంటలూ నేను కొలిమి మీంచి కన్ను తిప్పలేదు.

అందరూ పోయాక అడిగాను. “తాతా, నీకు కనవడ్తలేదా?”

నుదుటి మీది అద్దాలు తీసి, తువ్వాలతో తుడిచి, మళ్ళీ నుదుటి మీదే పెట్టుకున్నాడు. “మనిషి ఉన్నడంటె తెలుస్తది. మంట ఉన్నదంటె తెలుస్తది. రంగే తెల్వది.”

“ఎప్పటి సంది?”

“ఏడెనిమిదేండ్లయితది.”

“మరి ఇన్నేండ్లు ఎట్ల చేసినవు?”

“చేసిన” అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. అప్పుడు మొదటిసారి నన్ను బిడ్డా అన్నాడు. “బిడ్డా, గీ మాట ఊర్ల తెలిస్తె ఒక్కడు పాస పట్కొని రాడు. కండ్లు లేని కమ్మరికి ఇనుమెవడిస్తడు? గద్వాల వెల్డింగు షాపులకు పోతరు. నేను నులక మంచం మీద కూసోని చస్త. ఎవ్వరికి చెప్పకు.”

“చెప్ప” అన్నాను.

అందరి ముందు తిట్టినందుకు మాత్రం ఒక్క మాట అనలేదు. నాకు ఒళ్ళు మండింది. బస్సులో వనపర్తి దాకా మనసులో తిట్టుకుంటూనే వచ్చాను. అయినా తరవాతి ఆదివారం వెళ్ళాను. జాలితో వెళ్ళానని రాసుకుంటే బాగుంటుంది గానీ, నాకు కుర్పి, అదే కలుపు తవ్వే చేతి పనిముట్టు, చెయ్యడం ఇంకా రాలేదు. అందుకే వెళ్ళాను. మధ్యలో ఒకరోజు బతిమాలి కంటి దవాఖానకు తీసుకుపోయాను. చాలా ఆలస్యమైందన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, “నేను ముందే చెప్పిన గద” అని సంతోషంగా అన్నాడు. నామీద గెలిచినట్టు.

ఆ వానకాలమంతా మా పద్ధతి కుదిరింది. రంగు చూడాల్సిన పనులన్నీ ఆయన ఆదివారానికే ఆపేవాడు. పంకా నేను, పటకారు ఆయన. రంగు కుదరగానే ఆపుతాను, ఆయన తీస్తాడు. జనం లేనప్పుడు సుత్తి నాది. నేను కొడుతుంటే ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వినేవాడు. దెబ్బ చప్పుడు మారగానే, “చల్లవడ్డది, పొయ్యిల పెట్టు” అనేవాడు. నాకు కంటికి తెలియకముందే ఆయనకు చెవికి తెలిసేది. మరియమ్మ అని, కలుపు కూలీల గుంపుకు పెద్ద. పది పదిహేను మంది ఆడవాళ్ళను వెంటేసుకుని పత్తి చేలకు, పల్లి చేలకు పోతుంది. ఆమె ఆరు కుర్పిలు కావాలని చెప్పిపోయింది. ఆ ఆరూ నేనే చేశాను. కాల్చడం, సాగదీయడం, అంచు తీయడం, నీళ్ళలో ముంచడం, పిడి దిగ్గొట్టడం అన్నీ. ఆయన ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదు. పూర్తయ్యాక ఒక్కొక్కటే బొటనవేలితో తడిమి, ఏమీ అనకుండా గోనెసంచిలో వేశాడు. ఏమీ అనకపోవడం ఆయన దగ్గర మంచి మార్కే.

మూడు వారాల తరవాత మరియమ్మ చర్చి నుంచి తిన్నగా కొలిమికే వచ్చింది. తెల్లచీర, చేతిలో బైబిలు. అప్పటికి కుర్మయ్య, ఇంకో నలుగురు కూర్చుని ఉన్నారు. గొడ్డళ్ళు, పారలు నేల మీద వరసగా ఉన్నాయి.

“తాతా, గీ కుర్పిలు మస్తున్నయి. పోయినేడాదివి రాయి తగిల్తె వంగుతుండె. ఇవి వంగుతలేవు. మా ఆడోళ్ళంత గివే కావాలంటున్రు. నీ చెయ్యి ఇంక తిరిగిందే!” అంది.

“మా తాత చెయ్యంటె మామూలు చెయ్యా?” అన్నాడు కుర్మయ్య.

అలాంటి మాట వింటే ఆయన మీసం మీద చెయ్యి వేసేవాడు. ఆ రోజు వెయ్యలేదు. నేను పంకా వైపు చూస్తూ కూర్చున్నాను. నాకు ఒక పక్క నవ్వు, ఒక పక్క కడుపుమంట. అవి నావని అరవాలనిపించింది. అరవనని మాటిచ్చాను.

“నా చెయ్యి కాదు మరియమ్మా” అన్నాడు ఆయన. “గీ టీచరమ్మ చేసింది. కొసదాక ఆమెనే. నాకు కండ్లు కనవడవు. శాన ఏండ్లాయె.”

కుర్మయ్య నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాడు. “ఏమంటున్నవే తాతా?”

“నిజమే అంటున్న. గా దినం నీ పాస కాలింది నా తప్పుతోని. టీచరమ్మ మీద వెట్టిన. కండ్లున్నోడైతె తీస్తుండె.”

మరియమ్మ వచ్చి నా కుడిచెయ్యి పట్టుకుని తిప్పి, అరచేతిలో కాయలు చూసింది. “నువ్వేనా మేడం?” అంది. ఆ అరచెయ్యి చూసి ఆమె తన అరచెయ్యి చాపి పక్కన పెట్టింది. నాకు ఎంత సంతోషమైందో దాచుకోలేను. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో నా పిల్లలకు ఫస్టు క్లాసులు వచ్చినప్పుడు కూడా అంత సంతోషం లేదు. ఆ సంతోషంలోనే బస్సెక్కాను. ఆత్మకూరు దాటాక గానీ ఆయన ఏం చేశాడో నా బుర్రకెక్కలేదు. ఎక్కాక ఇంటికి చేరేదాకా కిటికీలోంచి తల లోపలికి తిప్పలేదు, ఏడుస్తున్నానని పక్కావిడ చూస్తుందని.

ఆయన భయపడ్డట్టే అయింది. తిట్టి ఎవరూ మానలేదు. దారిలో కనబడితే, “బాగున్నవా తాతా” అని ఇంకా మెత్తగా పలకరించేవాళ్ళు. ఇనుము మాత్రం తేలేదు. మరుసటి మిరుగుకు కుర్మయ్య మోపెడ్ మీద పాస కట్టుకుని గద్వాల దారిలో పోతూ నాకు ఎదురయ్యాడు. నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. మరియమ్మ గుంపు వచ్చేది, కుర్పిలకు. అంతే. ఆదివారం ఆదివారం ఆయన కొలిమి ముట్టించి కూర్చునేవాడు, నేను నేర్చుకోవడానికే. మిగిలిన బొగ్గంతా నా చేతకానితనం మీద కాలుతుంటే నాకు ప్రాణం పోయినట్టుండేది. ఒక ఆదివారం ఉండబట్టలేక గట్టిగానే అడిగాను.

“ఎందుకు చెప్పినవు తాతా? నేనడిగిన్నా? నువ్వు చెప్పకుంటె ఇంక రెండు మూడేండ్లు నడుస్తుండె గద!”

కాసేపు పొయ్యిలో బొగ్గులు సవరించాడు.

“నువ్వు కూసున్న పలక మీద మా ఆమె కూసుండె. నాకు రంగు తెల్వకుంట అయినంక ఆమెనే పంక ఆపేది. ఆమె ఆపితె నేను తీసేటోన్ని. నీకు చెప్పినట్ల ఆమెకు నేను చెప్పలే. నాకు కనవడ్తలేదని ఆమెనే తెలుసుకున్నది, ఆమెనే ఆపుడు మొదలువెట్టింది. ఇద్దరం ఒక్కనాడు గా ముచ్చట మాట్లాడలే. ఏడేండ్లు. మందంత వచ్చి నా చెయ్యి మంచిదనిరి. ఆమె ముంగటనె అనిరి. నేను మీసం తిప్పిన. ఒక్కనాడన్న ఆమె పేరు చెప్తనేమో అని నా దిక్కు సూసిందో ఏమో తెల్వది బిడ్డా. సూసినా నాకు కనవడకపాయె.”

సుత్తి కింద పెట్టి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను.

“ఆమె గట్లనే పోయింది. ఇగ నిన్ను గూడ గట్లనే చేద్దునా?” అన్నాడు.

“ఆమె పేరేంది తాతా?” అని అడిగాను.

ఆ వయసు మగవాళ్ళు మా వైపు భార్య పేరు నోటితో చెప్పరు. ఇన్నాళ్ళూ ఆయన నోట ‘మా ఆమె’ అన్న మాటే విన్నాను. బొగ్గులు సవరించే చువ్వ పక్కన పెట్టాడు.

“ఈరమ్మ” అన్నాడు.

తరవాత లేచి, గుమ్మం దాకా తడుముకుంటూ వెళ్ళి, ఎవరూ లేని దారి వైపు మొహం పెట్టి, నలుగురికీ చెబుతున్నట్టు గట్టిగా మళ్ళీ అన్నాడు.

“ఈరమ్మ.”